అంతిప యేమి పలికెను?

చదువవలసిన భాగములు: ప్రకటన 2:12-17, యోబు 13:7-10, యోహాను 21:15-19



పెర్గములోని సంఘమునకు వ్రాయించిన ఉత్తరములో ప్రభువు ఒక మనుష్యుని పేరు పెట్టి చెప్పుచున్నాడు. అతడు అంతిప. అతడు తనకు నమ్మకమైన సాక్షియై యుండెననియు, ఆ పట్టణములోనే చంపబడెననియు ప్రభువు జ్ఞాపకము చేయుచున్నాడు. అంతే. అతనిని పట్టుకొన్నవారెవరో, వారేమి అడిగిరో, అతడేమి బదులు చెప్పెనో ఒక్క మాటయైనను వ్రాయబడలేదు. మేము ఈ వచనమును ఎన్నో యేండ్లు చదివితిమి గాని, అందులోని ఈ మౌనము మా కంటికి కనబడలేదు. ఒక అవ్వ అడిగిన ప్రశ్న తరువాతనే కనబడెను.

నందికొండకు కొంత దూరములో ఒక పల్లె కలదు. అక్కడి సంఘస్థులలో కొందరి తండ్రులును తాతలును 1955లో పని ఆరంభమైనది మొదలుకొని ఆనకట్టకు రాళ్లు మోసినవారు. ఆ పల్లెలో ఒక సాయంకాల కూటమునందు మేము హతసాక్షులను గూర్చి ప్రసంగించుచు, అమెరికా దేశములో కొలొరాడో రాష్ట్రమందలి కొలంబైన్ స్కూలులో జరిగిన సంగతి చెప్పితిమి. 1999 ఏప్రిల్ 20వ తేదీన ఆ స్కూలులోనే చదువుచున్న ఇద్దరు కుర్రవాండ్రు తుపాకులతో వచ్చి, ఆ దినమున 12 మంది విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుని చంపి, తుదకు తమ్మును తామే కాల్చుకొనిరి. పుస్తకశాలలో బల్లక్రింద దాగియున్న కాసీ బెర్నాల్ అను 17 ఏండ్ల బాలికను చూచి, తుపాకి పట్టినవాడు దేవుని నమ్ముచున్నావా అని అడిగెననియు, ఆమె అవుననెననియు, వెంటనే వాడు కాల్చెననియు చెప్పితిమి. ఆ సంగతి అప్పటికే లోకమంతట వ్యాపించియుండెను. ఆమె తల్లి వ్రాసిన పుస్తకమునకు పేరే ఆ జవాబు. మేము విన్నదానితో ఊరకుండక, ఆ సమయమున ఆమె ముఖము ప్రకాశించెనని కూడ అంటిమి. ఎవరు చూచిరి? అది మా నోటనుండి పుట్టినది. స్త్రీలు కొంగులు కండ్లకు అద్దుకొనిరి. ప్రసంగము బాగుగా కుదిరెనని మేమును లోలోపల సంతోషించితిమి.

కూటము ముగిసి చాపలు చుట్టుచుండగా ఒక అవ్వ దగ్గరకు వచ్చి అడిగెను: "అయ్యగారూ, ఆ పిల్ల పానం బయానికి లేదు అన్నదనుకోండ్రి. దేవుడు దాన్ని ఇడిసిపెడ్తడా?"

విశ్వాసియైనవాడు అట్లనడు అవ్వా, అని చెప్పి మేము బండి ఎక్కితిమి. ఆమె మారు మాటాడలేదు.

ఆ ప్రశ్న మమ్మును వదలలేదు. అవ్వకు సరియైన జవాబు చెప్పవలెనన్న, మొదట ఆ సంగతి ఎట్లు జరిగెనో మేమే తెలిసికొనవలసియుండెనని తోచి, దానిని గూర్చి విచారించి వ్రాయబడినవాటిని చదివితిమి. చదివిన కొలది మాకు సిగ్గు కలిగెను. కాసీతోకూడ అదే బల్లక్రింద దాగి బ్రతికిన బాలిక, అట్టి ప్రశ్నయు జవాబును జరుగలేదని విచారణాధికారులతో చెప్పినది. ఆ మాటలు తన చెవులార వింటినన్న బాలుని వారు మరల ఆ గదిలోనికి తీసికొనిపోయి, స్వరము ఏ తట్టునుండి వచ్చెనని అడుగగా, అతడు చూపిన చోటు కాసీ యున్న చోటు కాదు. అక్కడ ఉండినది మరియొక బాలిక. ఆమె అప్పటికే గుండ్లు తగిలి నేలమీద పడి దేవునికి మొఱ్ఱపెట్టుచుండెను. తుపాకి పట్టినవాడు అది విని, దేవుని నమ్ముచున్నావా అని ఆమెనే అడిగెను. నమ్ముచున్నానని ఆమె చెప్పెను. ఎందుకని అడిగెను. తన తలిదండ్రులు తన్ను అట్లు పెంచిరని చెప్పెను. వాడు తుపాకిలో మరల గుండ్లు వేసికొనుచుండగా ఆమె ప్రాకుచు అవతలికి పోయి బ్రతికెను.

ప్రియులారా, దీనిలో మమ్మును మిక్కిలి నొప్పించిన సంగతి యేమనగా, ఆ బాలిక స్వస్థపడి తన సంగతి చెప్పినప్పుడు కొందరు ఆమెను నమ్మలేదు. చనిపోయిన బాలిక కథను ఈమె తనకు అంటగట్టుకొనుచున్నదని తలంచిరి. నిజముగా ప్రశ్నింపబడి, నిజముగా ఒప్పుకొని, ఒడలినిండ గాయములు మోయుచున్న సాక్షి విశ్వాసులయెదుట అబద్ధికురాలివలె నిలువవలసి వచ్చెను! ఆమె మాటకు చోటు లేకుండ చేసినది ఏది? మనము ప్రేమించి పదే పదే చెప్పుకొన్న కథయే.

కాసీ తల్లిదండ్రులను మేము నిందింపము. బిడ్డను మట్టిలో పెట్టినవారు, చెప్పినవారి మాట నమ్మిరి. కాసీ విశ్వాసి కాదని అన్నవారును లేరు. దారి తప్పుచున్న వయస్సులో ఆమె ప్రభువుతట్టు తిరిగెననియు, సంఘములోని యౌవనుల కూటములకు పోవుచుండెననియు ఆ తల్లిదండ్రులే సాక్ష్యమిచ్చియున్నారు. అది చాలదా? ఆమె జవాబేమియు లేకుండ చనిపోయినయెడల ప్రభువు ఆమెను ఎరుగడా? హేరోదు యోహాను సహోదరుడైన యాకోబును ఖడ్గముతో చంపించెనని లూకా ఒక్క వాక్యములో వ్రాసి ముందుకు సాగిపోయెను (అపొ. కార్య. 12:2). చెరసాలలో తల నరుకబడినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను పలికిన కడవరి మాట ఏ సువార్తలోను లేదు. బేత్లెహేములో చంపబడిన పసిబిడ్డలకైతే మాటలే రావు. మన ఆనకట్ట గేట్లు ఎత్తినప్పుడు చూచుటకు ఎక్కడెక్కడివారో వచ్చుదురు గాని, నీటిని ఆపుచున్నవి గోడ లోపల ఎవరికిని కనబడని రాళ్లని దానిని కట్టినవారి పిల్లలైన మీకు మేము చెప్పనక్కరలేదు.

హతసాక్షి అనుమాటలో మనము మొదటి భాగమునే పెద్దచేసి, రెండవ భాగమును మరచితిమి. గ్రీకు భాషలో ఆ మాట 'మార్తుస్'. న్యాయస్థానములో నిలిచి, చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు చెప్పువానికి ఆ పేరు. చచ్చుట తరువాత వచ్చినది. సత్యము చెప్పుట ముందున్నది. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ మనకు బాగుగా తెలియును. దేవుని పక్షముగానైనను అబద్ధమాడరాదని యోబు తన స్నేహితులను గద్దించిన సంగతి అంతగా తెలియదు. దేవుని ఘనపరచుటకు మీరు మోసపు మాటలాడుదురా అని అతడు వారిని నిలదీసెను. పౌలైతే ఇంకను ముందుకు పోయి, క్రీస్తు లేపబడనియెడల తాము దేవుని విషయమై అబద్ధసాక్షులుగా కనబడుదుమని వ్రాసెను (1 కొరింథీ. 15:15). సమాధి ఖాళీగా నుండెననుట మొదలుకొని మన సువార్త అంతయు సాక్షుల మాటమీద నిలిచియున్నది. బోధకులు చిన్న సంగతిలో ముఖము ప్రకాశించెనని చేర్చి చెప్పుట కలిగించినయెడల, పెద్ద సంగతిలో వారిని నమ్ముట ఎట్లు?

మేము మరల ఆ పల్లెకు పోయి, అవ్వ యింటి అరుగుమీద కూర్చుండి, ఆనాడు చెప్పినది సరికాదని ఒప్పుకొంటిమి. అప్పుడుగాని మాకు తెలిసినది కాదు, ఆమె ప్రశ్న అమెరికా పిల్లను గూర్చినది కాదని. ఆమె మనుమడు కాలేజీలో చేరునప్పుడు కులపు సర్టిఫికెట్టు కొరకు కాగితములో మతము అనుచోట హిందువు అని వ్రాయించుకొనెనట. ఇంటివారందరికి తెలియును. ఎవరును పలుకరు. అవ్వ మాత్రము ప్రతి రాత్రి దానినే తలంచుకొని ప్రార్థించుచుండెను. మేము తుపాకి కథ చెప్పినప్పుడు ఆమె కన్నీరు ఆ పిల్ల కొరకు కాదు, తన యింటి పిల్లవాని కొరకు.

ఈ విషయములో త్వరపడి తీర్పు చెప్పుట మాకు ఇష్టము లేదు. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడినది గాని, క్రైస్తవులను చేర్చలేదు. మన వాడలలో బాప్తిస్మము పొందినవాని యిల్లు అదే వాడలో, అదే గుడిసెల వరుసలో నుండును. పొరుగూరివారు చూచు చూపు మారదు. కాగితముమీద మాత్రము వాడు బి.సి. 'సి' వర్గములోనికి పోవును. ఇది ఏలువారి యెదుట అడుగవలసిన న్యాయమే. అయినను ఒక మాట మనలో మనము చెప్పుకొనవలెను. మన పిల్లలను దేవుని నమ్ముచున్నావా అని అడుగుచున్నది తుపాకి కాదు, దరఖాస్తు కాగితములోని ఒక గడి. ఆదివారము ప్రభువు బల్లయొద్ద చేయి చాచి, సోమవారము ఆ గడిలో కాదని వ్రాసిన పిల్లవాని హృదయములో ఏమి జరుగుచున్నదో మనము ఒక్క ప్రసంగములోనైనను పలికితిమా? తండ్రి తల వంచుకొనును, కాపరి చూడనట్లుండును. కాపరుల యిండ్లలోనే ఇది లేదా? దూరదేశపు పిల్ల ధైర్యమును గూర్చి ఏడ్చుట మనకు సులభము. మన యింటి గడిని గూర్చి మాటలాడుట కష్టము.

అవ్వకు మేము పేతురును చూపితిమి. మంటయొద్ద నిలిచి, ఒక పనికత్తె మాటకు జడిసి, ముమ్మారు ఎరుగనన్నవాడు అతడు. అతని మీద ఖడ్గము ఎత్తినవారు కూడ లేరు. అట్టివానిని ప్రభువు గలిలయ సముద్రతీరమున మరియొక మంటయొద్దకు పిలిచి, చేపలు కాల్చి పెట్టి, భోజనమైన తరువాతనే ప్రశ్న అడిగెను. ఎందుకు కాదంటివని అడుగలేదు. ప్రేమించుచున్నావా అని ముమ్మారు అడిగెను. కాదన్న నోటనే అవుననిపించెను. ఆ తరువాత అతడు ఎట్టి మరణమువలన దేవుని మహిమపరచునో తెలియజేసెను. కాబట్టి ఆనాడు మేము బండి ఎక్కుచు చెప్పిన జవాబు తప్పు. విశ్వాసియైనవాడును అట్లనవచ్చును. అనినవానిని ప్రభువు తీరమున వెదకును. అవ్వ ఇది విని చాల సేపు మౌనముగా నుండెను.

అయితే ఆ గాయపడిన బాలిక చెప్పిన జవాబులో మరియొక సంగతి యున్నది. నా తలిదండ్రులు నన్ను అట్లు పెంచిరి అనెను గదా. ఆ జవాబు ఆ గదిలో పుట్టినది కాదు. దీనిని మేము మరియొక స్కూలు సంగతిలో ఇంకను స్పష్టముగా చూచితిమి. ఆ సంగతి చెప్పుటకు ముందు మన జిల్లా సంగతి ఒకటి చెప్పవలెను.

1890లో నల్లగొండకు సేవకు వచ్చిన అబ్రహాము ఫ్రీజన్ దొరగారు రష్యా దేశపు మెన్నొనైట్ సహోదర సంఘమునకు చెందినవారు. తరువాత అమెరికానుండి వచ్చిన మెన్నొనైట్ సహోదరులు దేవరకొండ, నాగర్‌కర్నూలు, వనపర్తి మొదలగు చోట్ల పని చేసిరి. మనలో అనేకుల తాతలు వారి చేతులమీదుగా బాప్తిస్మము పొందిరి. ఆ మెన్నొనైట్లకును, అమెరికాలో గుఱ్ఱపు బండ్లమీద తిరుగుచు పాతకాలపు దుస్తులు ధరించు ఆమిష్ అనువారికిని మూలము ఒకటే. 16వ శతాబ్దమున ఐరోపాలో పెద్దవారికే బాప్తిస్మమిచ్చి, కత్తి పట్టమన్నందుకు వేలకొలది చంపబడినవారి సంతతివారు వీరు. ఆమిష్‌వారి కట్టుబాట్లన్నియు మాకు నచ్చినవని కాదు. పిల్లలకు ఎనిమిదవ తరగతితో చదువు చాలునను నియమము మన పల్లెలకు మేము కోరము. కాని వారు తమ పిల్లలకు చెప్పు కథలు వినదగినవి. అందులో ఒకటి డర్క్ విల్లెమ్స్ అను హాలెండు దేశస్థుని కథ. 1569లో అతడు చెరనుండి తప్పించుకొని, చలికి గడ్డకట్టిన నీటిమీదుగా పారిపోవుచుండెను. తరుముచు వచ్చినవాని కాలిక్రింద మంచు పగిలి వాడు మునిగిపోవుచుండగా, విల్లెమ్స్ వెనుకకు తిరిగి, చేయి అందించి వానిని గట్టుమీదికి లాగెను. అందువలన తాను పట్టుబడి, కాల్చి చంపబడెను. వారి పిల్లలు ఈ కథ వినుచు పెరుగుదురు.

2006 అక్టోబరు 2వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమున నికెల్ మైన్స్ అనుచోట, ఆమిష్‌వారి ఒంటిగది స్కూలులోనికి ఒకడు తుపాకులతో వచ్చెను. అతడు పరాయివాడు కాడు. ఆ ప్రాంతపు పాడి యిండ్లనుండి పాలు తీసికొనిపోవు బండి నడుపువాడు. తొమ్మిదేండ్ల క్రిందట చనిపోయిన తన పసిబిడ్డను గూర్చి దేవునిమీద కోపముగా నుండెనని అతడు వ్రాసిపెట్టిన కాగితములవలన తెలిసెను. మగపిల్లలను బయటికి పంపివేసి, 6 మొదలు 13 ఏండ్లవరకు ప్రాయముగల పదిమంది ఆడపిల్లలను నిలిపి కాల్చెను. అయిదుగురు చనిపోయిరి, అయిదుగురు గాయపడిరి. తన్ను తాను కాల్చుకొనెను. ఆ పిల్లలను ఎవరును విశ్వాసమును గూర్చి ప్రశ్నింపలేదు. అవునని గాని కాదని గాని చెప్పు సమయము వారికి ఇయ్యబడలేదు.

ప్రశ్న వారి తలిదండ్రులకు వచ్చెను. ఆ సాయంకాలమే ఆమిష్‌వారిలో కొందరు ఆ హంతకుని భార్యయొద్దకును తల్లిదండ్రులయొద్దకును పోయిరి. సిగ్గుతో కుమిలిపోవుచున్న అతని తండ్రిని ఒక ఆమిష్ మనుష్యుడు కౌగిలించుకొని చాల సేపు నిలిచెను. అయిదు దినములు గడచిన తరువాత అతనిని పాతిపెట్టునప్పుడు వచ్చినవారిలో సగముకంటె ఎక్కువమంది ఆమిష్‌వారే. తమ కుమార్తెలను అంతకు ముందే పాతిపెట్టిన తలిదండ్రులును వారిలో నుండిరి. ఎందుకు క్షమించితిరని పత్రికలవారు అడుగగా, ప్రభువు నేర్పిన ప్రార్థనను చూపిరి. ఇతరుల అపరాధములను క్షమింపనియెడల మన అపరాధములు క్షమింపబడవను మాట దానివెంటనే యున్నది గదా (మత్తయి 6:15). ఆ ప్రార్థనను మనము ప్రతి ఆదివారము ఒక్క ఊపిరిలో ముగింతుము. పొలము గట్టు తగాదాతో మూడేండ్లుగా మాటలులేని ఇద్దరు అన్నదమ్ములు ప్రక్కప్రక్కనే నిలిచి దానిని చెప్పుట మేము చూచితిమి.

వారికి దుఃఖము లేదని తలంచకుడి. ఆ క్షమాపణ ఒక్కనాటితో తీరినది కాదనియు, ప్రతి దినము మరల క్షమింపవలసియున్నదనియు ఆ తండ్రులే చెప్పిరి. జరిగినది చిన్నదని వారు అనలేదు. పది దినములకు ఆ స్కూలును పడగొట్టి ఆ నేలను పచ్చిక బయలుగా విడిచిరి. ఆరు నెలలకు, 2007 ఏప్రిల్ 2వ తేదీన, వేరొక చోట క్రొత్త స్కూలు తెరచిరి.

గాయపడిన పిల్లలలో మిక్కిలి చిన్నది ఆరేండ్లది. ఆమె బ్రతికెను గాని నడువలేదు, మాటలాడలేదు. హంతకుని తల్లి, తన కొడుకు చేసిన దానిని కన్నులార చూడవలెనని, ఆ పిల్ల యింటికి పోవ మొదలుపెట్టెను. వారమునకు ఒక సాయంకాలము పోయి, ఆ పిల్లకు స్నానము చేయించి, పుస్తకము చదివి వినిపించి, కీర్తనలు పాడెడిది. ఆ తల్లి 2017లో చనిపోయెను.

ఈ సంగతి కూడ మేము అవ్వ యింటి అరుగుమీదనే చెప్పితిమి. ఆమె ఇంతవరకు విని, "ఆ తల్లిని ఇంట్లకు రానిచ్చిన్రా అయ్యగారూ?" అని అడిగెను. రానిచ్చిరి అవ్వా, అంటిమి. ఆమె లేచి లోపల నున్న మనుమని కేకవేసి పిలిచి, తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మొదటినుండి మరల చెప్పుమనెను. మేము మొదటినుండి చెప్పితిమి. ఈసారి ఏమియు చేర్చలేదు.